నేరం చెప్పేది, మనం చెప్పించేది

కొత్తగా స్టేషన్లకు వస్తున్న ఎస్సైల నోట ఈమధ్య 'ప్రొఫైలింగ్' (నేరం జరిగిన తీరును బట్టి నేరస్థుడు ఎలాంటివాడో అంచనా వేయడం) అనే మాట తరచూ వినిపిస్తోంది. 'మైండ్‌హంటర్' సీరియల్ చూశాం సార్, మన దగ్గర అలాంటి విభాగం ఎందుకు లేదు అని అడుగుతారు. నా సర్వీసులో ఎక్కువ భాగం హత్య కేసుల దర్యాప్తులోనే గడిచింది. రిటైరయ్యాక కొంతకాలం ట్రైనింగ్ క్లాసుల్లో అదే చెప్పాను. ఆ క్లాసుల్లో చెప్పినవాటికి, ఆ తర్వాత చదువుకున్న కేసులు కొన్ని జోడించి ఇక్కడ రాస్తున్నాను. వరసంటూ ఏమీ లేదు, గుర్తొచ్చినట్టు అంకెలు వేసుకుంటూ పోయాను.

1. హంతకుడి మనసు గురించి అడిగే ముందు అతను చేసిన పనుల గురించి అడగండి.

తలుపు పగలగొట్టాడా, తట్టి తీయించుకున్నాడా? కత్తి వెంట తెచ్చుకున్నాడా, వంటింట్లోది అందుకున్నాడా? ప్రాణం పోయాక ఆ ఇంట్లో ఎంతసేపున్నాడు? మొహం మీద దుప్పటి ఎందుకు కప్పాడు? బీరువాలో బంగారం వదిలేసి ఫోన్ ఎందుకు పట్టుకెళ్లాడు? ఇవన్నీ అతను తీసుకున్న నిర్ణయాలు. పంచనామాలో రాయొచ్చు, ఫొటో తీయొచ్చు, రేపు కోర్టులో నిలబెట్టొచ్చు. 'ఇతనికి చిన్నప్పటి నుంచి తల్లి అంటే ద్వేషం' అనే మాటను మాత్రం రైటర్‌కి చెప్పి రాయించలేం. రాయించినా పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారు కొట్టేస్తారు.

అమెరికాలో ఎఫ్‌బీఐ 1972లో క్వాంటికోలో బిహేవియరల్ సైన్స్ యూనిట్ పెట్టింది. కొన్నేళ్లకు అక్కడి ఏజెంట్లు రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ జైళ్లకు వెళ్లి హంతకులతో మాట్లాడటం మొదలెట్టారు. అలా 36 మంది మీద చేసిన అధ్యయనం నుంచే ఈనాటి ప్రొఫైలింగ్ పద్ధతి చాలావరకు పుట్టింది. దానికి శాస్త్రం అనిపించుకునే అర్హత తెచ్చిపెట్టింది బోస్టన్ నుంచి వచ్చిన ఆన్ బర్జెస్ అనే నర్సింగ్ ప్రొఫెసర్. అందరి దగ్గరా ఒకే ప్రశ్నలకు జవాబులు రాబట్టాలని, ఒకే పద్ధతిలో నమోదు చేయాలని ఆవిడే నేర్పింది. ('మైండ్‌హంటర్' టీవీ సీరియల్‌లో ఆవిడ పాత్రను సైకాలజిస్టుగా మార్చేశారు. నర్సంటే చూసేవాళ్లు నమ్మరనుకున్నారేమో.)

ఆ అధ్యయనంలోంచి నేరస్థుల్లో రెండు రకాలు తేల్చారు. పథకం వేసుకుని, ఆనవాళ్లు తుడిచేసుకుని పోయేవాడు ఒకడు. ఉన్నపళంగా చేసి అన్నీ అక్కడే పారేసి పోయేవాడు ఇంకొకడు. 2004లో ఇంగ్లండులో డేవిడ్ కాంటర్ బృందం అమెరికాలోని వంద మంది సీరియల్ హంతకుల కేసులు తీసుకుని పరీక్షిస్తే ఈ విభజన నిలబడలేదు. మన దగ్గర సీన్ చూసిన ఏ కానిస్టేబుల్‌కైనా ఇది అనుభవమే. ఇంటి నుంచి తాడు కోసుకుని మరీ తెచ్చినవాడు, వెళ్తూ వెళ్తూ చెప్పులు మర్చిపోతాడు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆ 36 మందీ దొరికిపోయినవాళ్లు. దొరకనివాడి గురించి వాళ్లనడిగితే ఏం తెలుస్తుంది?

2. గుమాస్తా పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

ప్రొఫైలింగ్ మీద ఏ పుస్తకం తీసినా న్యూయార్క్ 'మ్యాడ్ బాంబర్' కథ ఉంటుంది. 1940లో కన్సాలిడేటెడ్ ఎడిసన్ అనే కరెంటు కంపెనీ భవనం కిటికీ మీద మొదటి బాంబు దొరికింది. యుద్ధకాలంలో దేశభక్తి కొద్దీ ఆపుతున్నానని అతనే ఉత్తరం రాశాడు, మాట మీద నిలబడ్డాడు కూడా. 1951 నుంచి మళ్లీ మొదలు. సినిమా హాళ్లు, రైల్వే స్టేషన్లు, గ్రంథాలయం, అన్నిచోట్లా పెట్టాడు. 1956 చివర్లో పోలీసులు జేమ్స్ బ్రసెల్ అనే మానసిక వైద్యుణ్ని కలిశారు. నడివయసు, పెళ్లికానివాడు, కనెక్టికట్ వైపు ఉంటాడు, పట్టుకునేటప్పుడు బొత్తాలన్నీ పెట్టుకున్న డబుల్ బ్రెస్టెడ్ కోటు వేసుకుని ఉంటాడు అని ఆయన చెప్పాడట. 1957 జనవరిలో జార్జ్ మెటెస్కీని ఇంట్లో పట్టుకున్నప్పుడు అతను పైజామాలో ఉన్నాడు. బట్టలు మార్చుకు రమ్మంటే అచ్చం అలాంటి కోటుతోనే వచ్చాడు. అక్కడితో చాలామంది కథ ఆపేసి చప్పట్లు కొడతారు.

నిజానికి అతన్ని పట్టించింది ఆలిస్ కెల్లీ అనే ఆఫీసు గుమాస్తా. 1931లో ఆ కంపెనీ ప్లాంటులో ప్రమాదం జరిగి మెటెస్కీ ఆరోగ్యం పాడైంది. నష్టపరిహారం అడిగితే ఇవ్వలేదు. అతను ఒక పత్రికకు రాసిన ఉత్తరాలు అచ్చయ్యాయి. కెల్లీ పాత పరిహారం ఫైళ్లు ఒక్కొక్కటీ తిరగేస్తూ, ఆ ఉత్తరాల్లోని మాటలే ఒక ఫైల్లో కనబడితే పట్టుకుంది. కంపెనీ మీద పగబట్టినవాడు ఎవరై ఉంటాడని అడగడానికి డాక్టరు అక్కర్లేదు. బాంబులే ఆ సంగతి పదహారేళ్లుగా చెబుతున్నాయి. పాత ఫైళ్లు తెరిచే ఓపిక ఉన్నవాళ్లు లేక అంతకాలం పట్టింది. మీ స్టేషన్లో రికార్డు రూము తాళంచెవి ఎవరి దగ్గరుందో చార్జ్ తీసుకున్న మొదటిరోజే కనుక్కోండి.

3. అన్నీ సరిపోయినట్టు అనిపిస్తే ఇంకోసారి చదవండి.

ఎరుకలసాని సోది వినే ఉంటారు. 'నీ మనసులో ఒక దిగులుంది తల్లీ, నువ్వు మంచి చేసినా నీకు పేరు రాదు' అంటుంది. గడపలో కూర్చున్న ప్రతి ఆవిడా అవునంటూ తలూపుతుంది. 2003లో ఇంగ్లండులో లారెన్స్ ఆలిసన్, ఆయన సహచరులు ఒక చిన్న ప్రయోగం చేశారు. ఒకే ప్రొఫైల్‌ను పోలీసు అధికారులకిచ్చి, సగం మందికి అసలు నేరస్థుడి వివరాలు, మిగతా సగానికి కల్పించిన మనిషి వివరాలు చూపించారు. రెండు వైపులా సగం మందికి పైగా 'బాగా సరిపోయింది' అన్నారు. 'ఒంటరివాడు, ఆడవాళ్లతో కలవలేడు, అణచుకున్న కోపం ఉంది' అన్న రిపోర్టు మీ సబ్‌డివిజన్‌లో ఎంతమందికి అతుకుతుందో లెక్కేసుకోండి.

4. ప్రొఫైల్ నుంచి మనిషిని వెతికితే మనిషి దొరుకుతాడు. నేరస్థుడే దొరకాలని లేదు.

ఈ పాఠం దగ్గర క్లాసులో ఎక్కువసేపు ఆగేవాణ్ని, ఇక్కడా ఆగుతాను.

1992 జులైలో లండన్ వింబుల్డన్ కామన్‌లో పట్టపగలు ఒక యువతిని రెండేళ్ల కొడుకు కళ్లముందే పొడిచి చంపారు. పత్రికల ఒత్తిడి విపరీతం. పాల్ బ్రిటన్ అనే సైకాలజిస్టు ప్రొఫైల్ ఇచ్చాడు. దగ్గర్లోనే ఒంటరిగా ఉంటూ, ఆ మైదానంలో కుక్కను తిప్పే ఒకతను దానికి సరిపోయినట్టు కనిపించాడు. అతని మీద భౌతిక సాక్ష్యం ఏమీ లేదు. ఏం చేశారంటే, ఒక మహిళా అధికారిని మారుపేరుతో అతనికి దగ్గర చేశారు. నెలల తరబడి ఉత్తరాలు, ఫోన్లు, కలయికలు. హింస ఉన్న ఊహలు పంచుకుంటేనే స్నేహం అన్నట్టు నడిపారు. అంత చేసినా అతను హత్య చేశానని ఒప్పుకోలేదు. 1994లో జడ్జి ఆగ్నల్ ఆ సాక్ష్యాన్నంతా పక్కన పడేశారు, కేసు కుప్పకూలింది. అతను ఏడాదికి పైగా రిమాండులో ఉండి బయటికొచ్చాడు, బయట జనం దృష్టిలో మాత్రం హంతకుడిగానే మిగిలాడు.

అసలు హంతకుడు రాబర్ట్ నాపర్. అతని మీద వేరే అత్యాచారాల అనుమానం కూడా వచ్చింది. సాక్షులు చెప్పినదానికంటే ఎత్తుగా ఉన్నాడని వదిలేశారు. మా అబ్బాయి అత్యాచారం చేశానని చెబుతున్నాడని 1989లో తల్లే పోలీసులకు ఫోన్ చేసింది, దాన్నీ పట్టించుకోలేదు. 1993 నవంబరులో, అంటే కుక్కను తిప్పేవాడు జైల్లో ఉన్నప్పుడు, నాపర్ ఇంకో తల్లిని, ఆమె నాలుగేళ్ల కూతుర్ని చంపాడు. డీఎన్ఏ పరీక్షలు మెరుగుపడ్డాక, 2008 డిసెంబరులో వింబుల్డన్ కేసులో నేరం ఒప్పుకున్నాడు. ఆ తల్లి ఫోన్ కాల్ మీద ఒక కానిస్టేబుల్ వెళ్లి ఉంటే ప్రొఫైల్‌తో పని ఉండేది కాదు.

లండన్ వాళ్లను చూసి నవ్వక్కర్లేదు. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. 2008లో ఒక యువకుణ్ని అరెస్టు చేశారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి అతని జీవితంలో ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. కేసు మళ్లీ మొదటి నుంచి సీబీఐ చేతికి వెళ్లింది. ఈ కేసులో సైకాలజిస్టు ఎవరూ లేరు. 'ఇలాంటి పని చేసేది ఇలాంటివాడే' అన్న నమ్మకం కలగడానికి సైకాలజిస్టే ఉండాలని ఏముంది? మన సస్పెక్ట్ షీట్ల బీరువాలోనే బోలెడు ప్రొఫైల్స్ ఉన్నాయి.

5. మనసు కంటే మ్యాపు తక్కువ అబద్ధమాడుతుంది.

యార్క్‌షైర్‌లో పీటర్ సట్‌క్లిఫ్ 13 మంది స్త్రీలను చంపాడు. 1979లో 'నేనే చంపుతున్నాను' అంటూ ఒక టేపు వచ్చింది. అందులోని యాస సండర్‌లాండ్ ప్రాంతానిది. పోలీసులు ఆ యాసనే పట్టుకుని, అది లేనివాళ్లను పక్కన పెడుతూ పోయారు. టేపు బూటకం. సట్‌క్లిఫ్‌ను అప్పటికే ఎన్నోసార్లు విచారించి వదిలేశారు, మొత్తం తొమ్మిదిసార్లని తర్వాత తేలింది. 1980 చివర్లో స్టువర్ట్ కైండ్ అనే ఫోరెన్సిక్ శాస్త్రవేత్త దాడులు జరిగిన చోట్లను, వేళలను మ్యాపు మీద పెట్టి లెక్కగట్టాడు. చీకటిపడ్డాక ఎంత ఆలస్యంగా దాడి చేస్తే ఇంటికి అంత దగ్గర్లో ఉండి ఉంటాడన్నది ఆయన ఆలోచన. బ్రాడ్‌ఫర్డ్‌లో మ్యానింగ్‌హామ్, షిప్లీల మధ్య ఉంటాడన్నాడు. సట్‌క్లిఫ్ ఇల్లు అక్కడే హీటన్‌లో ఉంది. కొన్ని రోజుల్లోనే, 1981 జనవరి 2న, షెఫీల్డ్‌లో ఇద్దరు గస్తీ పోలీసులు దొంగ నంబరు ప్లేటు చూసి కారు ఆపితే దొరికిపోయాడు.

కాంటర్ కూడా 1986లో లండన్ రైల్వే అత్యాచారాల కేసులో ఇలాగే మొదటి నేరాలు ఎక్కడ జరిగాయో చూసి కిల్‌బర్న్ వైపు వేలు చూపించాడు. అనుమానితుల జాబితాలో ఎక్కడో వెయ్యిన్నర తర్వాతి నంబరులో ఉన్న జాన్ డఫీ పైకొచ్చాడు. దీన్ని నేను నమ్ముతాను. ఎంత క్రూరుడైనా తెలిసిన దారిలోనే నడుస్తాడు, సందు ఎక్కడ తెగుతుందో తెలిసినచోటే ధైర్యం చేస్తాడు. సెల్ టవర్ డంప్ వచ్చేలోగా ఒక చేత్తో గీసిన మ్యాపు గోడకు అంటించుకోండి. అందులో బస్‌స్టాపు, కల్లు దుకాణం, కరెంటు దీపం వెలగని వీధి కూడా ఉండాలి. గూగుల్ మ్యాపు ఆ దీపం సంగతి చెప్పదు.

6. మిస్సింగ్ కేసును 'లేచిపోయింది' అని మూయకండి.

సీరియల్ హంతకుణ్ని కాపాడేది వాడి తెలివి అని సినిమాలు చెబుతాయి. నేను చూసినంతలో వాణ్ని కాపాడేది స్టేషన్ల మధ్య హద్దు రాయి.

కర్ణాటకలో 'సైనైడ్' మోహన్ ప్రైమరీ స్కూలు టీచరు. 2003 నుంచి 2009 వరకు ఇరవై మంది స్త్రీలను చంపాడు. పెళ్లి ఖర్చు భరించలేని ఇళ్ల అమ్మాయిలను ఎంచుకుని, కట్నం లేకుండా చేసుకుంటానని నమ్మించి, దూరపు ఊరికి తీసుకెళ్లేవాడు. మర్నాడు పొద్దున నగలు లాడ్జిలోనే ఉంచమని చెప్పి, బస్‌స్టాండుకు తీసుకొచ్చి, గర్భం రాకుండా మాత్ర అంటూ సైనైడ్ ఇచ్చేవాడు. మాత్ర వేసుకుంటే బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుంది, అక్కడే వేసుకో అనేవాడు. ఆమె లోపల గడియ పెట్టుకుని పడిపోయేది. మడికేరి, మైసూరు, హాసన్, బెంగళూరు బస్‌స్టాండ్లలో గుర్తుతెలియని స్త్రీ, ఆత్మహత్య అని ఫైళ్లు మూతపడ్డాయి. దక్షిణ కన్నడలో ఇంకో ఫైల్లో అమ్మాయి కనబడటం లేదు. ఆ రెండు ఫైళ్లూ ఒక బల్ల మీద కలవడానికి ఆరేళ్లు పట్టింది. 2009లో ఒక అమ్మాయి కనబడకపోతే ఊరు ఊరంతా గొడవ చేసింది. కాల్ డేటా తీస్తే ఆమె నంబరు నుంచి ఇంకో తప్పిపోయిన అమ్మాయికి, అక్కణ్నుంచి ఇంకొకరికి దారి దొరికింది. నేరస్థుడి మనసు గురించిన ఏ సిద్ధాంతమూ ఇందులో పనిచేయలేదు. గమనిస్తే అతను చేసిన పనిలో మాత్రం అంతా ఉంది: బస్‌స్టాండు, తలుపు గడియ, ఒంటి మీద లేని నగలు.

మనకు హాజీపూర్ ఉంది. 2019 ఏప్రిల్‌లో యాదాద్రి జిల్లాలోని ఆ ఊళ్లో స్కూలు పిల్ల కనబడకపోతే వెతికారు, పాడుబడ్డ బావిలో శవం దొరికింది. తర్వాత బావుల్లోంచి అంతకుముందు తప్పిపోయిన ఇంకో ఇద్దరి అవశేషాలు బయటికొచ్చాయి. అందులో ఒక పాప 2015లో తప్పిపోయింది. హంతకుడు శ్రీనివాస్ రెడ్డికి 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు మరణశిక్ష వేసింది. బస్సు సరిగా లేని దారిలో నడిచొచ్చే పిల్లలకు బండి మీద లిఫ్ట్ ఇవ్వడం అతని పద్ధతి. అదే 2019 నవంబరులో ఏలూరు పోలీసులు ఒకతన్ని అరెస్టు చేశారు. ప్రసాదంలో సైనైడ్ కలిపి మూడు జిల్లాల్లో పది మందిని చంపాడని ఆరోపణ. వాళ్లలో చాలామందివి గుండెపోటు మరణాలనే ఇంట్లోవాళ్లూ అనుకున్నారు.

7. తెల్ల వ్యాన్ కోసం చూస్తే తెల్ల వ్యాన్లే కనబడతాయి.

2002 అక్టోబరులో వాషింగ్టన్ చుట్టుపక్కల తుపాకీతో పది మందిని చంపారు. టీవీ నిపుణులు ఒంటరి తెల్లజాతివాడన్నారు, సాక్షులు తెల్ల వ్యాన్ అన్నారు. దొరికింది ఇద్దరు నల్లజాతీయులు, ఒక పాత నీలం రంగు షెవర్లే కారు. ఆ కారును ఆ రోజుల్లోనే పోలీసులు ఒకటికి రెండుసార్లు చూసి పంపించేశారు.

8. మామూలు హత్యను మర్చిపోకండి.

సీరియల్ హంతకుడి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే సర్వీసు అయిపోతుంది. 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదైనట్టు ఎన్‌సీఆర్‌బీ లెక్క. అందులో తగాదాలవల్ల జరిగినవి 9,962, పగలవల్ల 3,761, డబ్బు లాభం కోసం 1,884. గట్టు తగాదా, నీళ్ల వంతు, అన్నదమ్ముల వాటా, తాగి అన్న ఒక మాట. అందుకే మొదటి రోజు సగం సమయం చనిపోయిన మనిషి మీద పెట్టండి. ఆ వారంలో ఎవరితో మాట మానేశాడు, ఎవరికి బాకీ, ఏ దారి మార్చుకున్నాడు.

'మతిస్థిమితం లేనివాడు చేసుంటాడు' అనే మాట మాత్రం స్టేషన్లో ఎవరి నోటా రానివ్వకండి. 1998లో అచ్చయిన మెక్‌ఆర్థర్ అధ్యయనంలో, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మానసిక రోగుల్లో తాగుడు, మత్తుమందులు లేనివాళ్లు అదే వీధిలోని ఇరుగుపొరుగు కంటే ఎక్కువ హింస చేయలేదని తేలింది. రామన్ రాఘవ్ లాంటివాళ్లు లేకపోలేదు. 1968లో బొంబాయిలో నిద్రపోతున్న పేదలను చంపిన అతనికి స్కిజోఫ్రెనియా అని డాక్టర్లు తేల్చారు, ఉరిశిక్షను చివరికి యావజ్జీవంగా మార్చారు. అతను అందరికీ గుర్తుండటానికి కారణం అలాంటివాళ్లు అరుదు కావడమే.

గొర్రెకుంట చూడండి. 2020 మేలో వరంగల్ దగ్గర బావిలో తొమ్మిది శవాలు తేలాయి, మూడేళ్ల పసివాడితో సహా. లాక్‌డౌన్ కష్టాలకు సామూహిక ఆత్మహత్య అనుకున్నారు ముందు. హంతకుడు సంజయ్ కుమార్ యాదవ్ అంతకుముందే తనతో ఉంటున్న స్త్రీని రైల్లో తీసుకెళ్తూ చంపి నిడదవోలు దగ్గర తోసేశాడు. ఆమె బంధువులు ఆమె ఏదీ అని నిలదీశారు. ఆ ఒక్క ప్రశ్న నోరు మూయించడానికి వాళ్ల అన్నంలో నిద్రమాత్రలు కలిపి బావిలో పడేశాడు. పక్కనే ఉంటున్న బీహార్ కుర్రాళ్లు సాక్షులవుతారని వాళ్లనూ వదల్లేదు. ఆ అక్టోబరులోనే వరంగల్ కోర్టు మరణశిక్ష వేసింది. పిచ్చి అంటే వినేవాళ్లకు కాస్త ఊరటగా ఉంటుంది. ఇక్కడ ఉన్నది లెక్క.

9. చిన్ననాటి కష్టాలు వినండి, వాటి మీద కేసు కట్టకండి.

జైల్లో హంతకులతో మాట్లాడితే దెబ్బలు తిన్న బాల్యం చాలామంది చెబుతారు, అబద్ధం కూడా కాదు. కానీ 1989లో క్యాథీ విడమ్ అమెరికాలో చిన్నప్పుడు హింసకు, నిర్లక్ష్యానికి గురైన 900 మందికి పైగా పిల్లల రికార్డులను పెద్దయ్యేదాకా పరిశీలిస్తే, వాళ్లు హింసాత్మక నేరాల్లో అరెస్టయ్యే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువే అని తేలింది. అయినా వాళ్లలో అత్యధికులు ఆ దారికి వెళ్లలేదు. వెనక్కి చూస్తే కారణంలా కనబడేది ముందుకు చూస్తే దారి చూపదు. అదీగాక హింస ఎక్కువగా పదిహేడు నుంచి పాతికేళ్ల మధ్య ఉప్పొంగి, పెళ్లీ పనీ కుదిరాక చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. ఇరవయ్యేళ్ల కుర్రాడి మీద రౌడీషీట్ తెరిచే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోండి.

10. మాట్లాడేవాడు ఎక్కువ మాట్లాడితే భయపడండి.

టెక్సాస్‌లో హెన్రీ లీ లూకస్ 1983లో అరెస్టయ్యాక వందల హత్యలు ఒప్పుకున్నాడు. టెక్సాస్ రేంజర్లు అతని కోసం ప్రత్యేక దళమే పెట్టారు. రాష్ట్రాల నుంచి పోలీసులు వరస కట్టి వచ్చి తమ తేలని కేసులు మూసుకుని వెళ్లారు. అతనికి స్ట్రాబెర్రీ మిల్క్‌షేకులు, సిగరెట్లు, విమాన ప్రయాణాలు. 1985లో ఒక డల్లాస్ పత్రిక అతను ఏ తేదీన ఎక్కడున్నాడో లెక్క తీస్తే, ఒప్పుకున్నవాటిలో చాలావాటికి అతను ఆ చుట్టుపక్కలే లేడు. మరణశిక్ష పడ్డ కేసులో కూడా ఆ సమయానికి ఫ్లోరిడాలో పనిలో ఉన్నట్టు రికార్డులు కనిపించడంతో, 1998లో గవర్నరు ఆ శిక్షను తగ్గించాడు. ఇక్కడ లూకస్ మనసు అంత గొప్ప చిక్కుముడి కాదు. అతనికి శ్రోతలు కావాలి, వచ్చిన పోలీసులకు కేసులు మూతపడాలి. ఇద్దరికీ గిట్టుబాటైంది.

పోలీసు ముందు చెప్పిన నేరాంగీకారం చెల్లదని మన చట్టం ఊరికే అనలేదు. పాత ఎవిడెన్స్ యాక్టులో 25వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 23. అతని మాట మీద దొరికిన వస్తువుకే విలువ. నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్‌లు ఒప్పుకోలు లేకుండా చేయకూడదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో చెప్పింది. అప్పట్లో మా వాళ్లు కొందరు చేతులు కట్టేశారని గొణిగారు. నాకైతే ఆ తీర్పు తర్వాత దర్యాప్తులే బాగుపడ్డాయనిపిస్తుంది. విధిలేక కాల్ డేటా, సీసీ కెమెరాలు, ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టులు చదవడం నేర్చుకున్నాం.

11. నిపుణుణ్ని పిలవాలంటే ఇలా పిలవండి.

సైకాలజిస్టులు అక్కర్లేదని నేననడం లేదు. పసిపిల్ల సాక్షితో ఎలా మాట్లాడాలో, ఎప్పుడు మాట్లాడకూడదో వాళ్లే నేర్పగలరు. వరసగా జరిగిన నేరాలు ఒక్కరి పనేనా అని వాళ్లనడగొచ్చు. నిందితుడు వచ్చాక ఏ ప్రశ్నకు మొండికేస్తాడో కూడా చెప్పగలరు. 'ఎవరు చేశారు' అని మాత్రం అడగకండి. అనుమానితుడి పేరు, కులం, వృత్తి, ఫొటో ఏవీ వాళ్లకు చూపించకండి. సీన్ ఫొటోలు, పోస్టుమార్టం రిపోర్టు, మ్యాపు ఇవ్వండి. అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుని, ప్రతి వాక్యం పక్కనా అది ఏ ఆధారం మీద అన్నారో వాళ్లతోనే రాయించండి. ఆధారం లేని వాక్యాలు కొట్టేయించండి. మిగిలిన కాగితాన్ని అరెస్టుకు ముందు తేదీతో కేసు డైరీకి జత చేయండి. తర్వాత ఎవరైనా దొరికాక ఆ కాగితంలో ఏది తప్పిందో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, ఒక కాపీ ఆ నిపుణుడికి పంపండి.